రూబికాన్‌కి మన బండి రెడీ సరే, వెనక బండి వాళ్ళ సంగతేంటి?

మా శాక్రమెంటో వైపు తెలుగువాళ్ళ జీపు వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మొన్న అందులో ఒకాయన అడిగాడు, "రాంగ్లర్ రూబికాన్ తీసుకున్నానండీ, ఈ ఆగస్టులో అసలు రూబికాన్ ట్రైల్‌కే వెళ్దామని ఉంది, బండికి ఏమేం చేయించమంటారు" అని. (రూబికాన్ ట్రైల్ అంటే లేక్ టాహో దగ్గర కొండల్లో జీపులు పాకే రాళ్ళదారి, ఆ జీపుకి పెట్టింది దాని పేరే.) ఇక చూస్కోండి. 35 అంగుళాల టైర్లు వేయించు అని ఒకరు, 37కి తక్కువైతే వెళ్ళడమే దండగ అని ఇంకొకరు, బండి ఎత్తు పెంచే లిఫ్టు రెండున్నర అంగుళాలు, కాదు మూడున్నర, స్టీలు బంపరు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి, ముందు లైట్లు, పైన లైట్లు, రాత్రిపూట రాళ్ళు కనపడాలని కింద కూడా లైట్లు. కాసేపటికి డిస్కౌంట్ కోడ్‌లు కూడా వచ్చేశాయి. ఆ చర్చంతా ఓపిగ్గా చదివా. ఒక్కరంటే ఒక్కరు అతన్ని "ఇంతకుముందు ఎక్కడ తోలారు, ఎవరెవరు కలిసి వెళ్తున్నారు" అని అడగలేదు. దొడ్డికి ఎక్కడికెళ్తారు అని అయితే అసలే అడగలేదు. నవ్వకండి, దాని గురించి కింద చాలానే రాసా.

నేనూ ఈ వేసవిలోనే మొదటిసారి వెళ్తున్నా, కాబట్టి ఇది వెళ్ళొచ్చినవాడి పాఠం కాదు. వెళ్ళొచ్చినవాళ్ళని పట్టుకుని ప్రశ్నలడిగీ, వారాంతాల్లో హోలిస్టర్ హిల్స్‌లో, ఫోల్సమ్ పక్కన ప్రెయిరీ సిటీలో రాళ్ళమీద నెమ్మదిగా పాకీ పాకీ నాకొక అభిప్రాయం ఏర్పడింది, అది మా గ్రూపులో చెప్తే ఎవరికీ పెద్దగా నచ్చలేదు, అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. ఏంటంటే, రూబికాన్ లాంటి చోటికి తయారవడం అంటే మనం దాటడానికి తయారవడం కాదు, మన వెనకాల ఆగిపోయేవాళ్ళ కోసం తయారవడం. బండికి పెట్టే ప్రతి డాలరూ, నేర్చుకునే ప్రతి పనీ ఈ లెక్కలోనే చూడాలని నా వాదన.

అసలక్కడ ఏమవుతుందంటే

మొత్తం రూట్ 22 మైళ్ళంటారు గానీ అందులో చాలా భాగం మామూలు రోడ్డే. అసలు రాళ్ళ ట్రైల్ లూన్ లేక్ దగ్గర మొదలై లేక్ టాహో పక్కన టహోమా వైపు దిగేది, సుమారు 12 మైళ్ళు. ఈ 12 మైళ్ళకి జనం రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు పెట్టుకుంటారు. నడిచెళ్ళేవాడు మనకన్నా ముందు పోతాడు, ఇది జోకు కాదు. సియెర్రా నెవాడా గ్రానైటు రాళ్ళు, కొన్ని టీవీ అంత, కొన్ని ఫ్రిజ్ అంత, వాటి మధ్యలోంచి ఒక్క బండి పట్టే దారి. పక్కకి తప్పుకునే చోట్లు ఉన్నాయి, కొన్ని ఘోరమైన చోట్లకి బైపాస్ కూడా ఉంది, కానీ చాలాచోట్ల అటు చెట్టు ఇటు బండ.

అందులో ఒకడి బండికి ముందు చక్రాల్ని కలిపే కడ్డీ, అదే టై రాడ్, వంగిందనుకోండి. చక్రాలు చెరోవైపు చూస్తూ నిలబడతాయి. అప్పుడు ఆగేది అతనొక్కడే కాదు. మా ఊళ్ళో కాలవ గట్టుమీద ఎరువు బస్తాలేసుకున్న ట్రాక్టరు దిగబడితే దాని వెనకాల బళ్ళన్నీ, సైకిలు మీద స్కూలుకి పోయే పిల్లలతో సహా నిలబడిపోయేవాళ్ళు చూడండి, అచ్చం అదే. ఆగస్టు శనివారాల్లో అక్కడ బళ్ళు ఎన్నుంటాయో వీడియోలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది ఎవరి పార్కో కాదు. ఎల్ డొరాడో కౌంటీ 1887లోనే దీన్ని పబ్లిక్ రోడ్డుగా ప్రకటించింది. అప్పట్లో రూబికాన్ స్ప్రింగ్స్ దగ్గర ఒక హోటలుండేది, అక్కడి ఊటనీళ్ళు సీసాల్లో పట్టి అమ్మేవాళ్ళు, గుర్రబ్బళ్ళ మీద జనం వచ్చేవాళ్ళు. 1953లో జార్జ్‌టౌన్ వాళ్ళు మొదటి జీపర్స్ జాంబోరీ, అంటే జీపుల జాతర, పెట్టినప్పుడు 55 జీపులు వెళ్ళాయట. ఆ జీపులకి 37 అంగుళాల టైర్లు ఎక్కడివి? అప్పటికీ ఇప్పటికీ రాళ్ళు మారాయి, వర్షాలకీ చక్రాలకీ మట్టి కొట్టుకుపోయి మెట్లు ఎత్తు పెరిగాయి, అది నిజమే. కానీ పబ్లిక్ రోడ్డు అన్న సంగతి మారలేదు. అంటే అందరిదీ. టహోమా దగ్గర కాఫీ తాగి మధ్యాహ్నానికి ఇల్లు చేరాల్సినవాడిదీ, పసిపిల్లతో వచ్చినవాడిదీ, మనదీ.

నేను వేసుకునే ప్రశ్న

అందుకని ఏదైనా కొనేముందు, ఏదైనా నేర్చుకునేముందు నేను ఒక్కటే అడుక్కుంటున్నా: ఇది లేకపోతే బాధపడేది నేనొక్కణ్ణేనా, నా వెనకున్నవాళ్ళందరూనా?

ఈ ప్రశ్న వేస్తే లిస్టు తలకిందులవుతుంది. డోరు సొట్టపడితే అది నా డోరు. పెయింటు గీసుకుపోతే నా పెయింటు, నా ఏడుపు. రూఫ్ మీద లైట్లు లేకపోతే నేను చీకటి పడకముందే ఆగిపోవాలి, అంతే. పన్నెండొందల డాలర్ల ఫ్రిజ్ లేకపోతే నా పెరుగు పులుస్తుంది, దానికి పులిహోర చేసుకెళ్తే సరి, రెండు రోజులు నిక్షేపంలా ఉంటుంది. ఇవన్నీ మీ సరదా, డబ్బులుంటే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అదే టైర్ల దగ్గరికి వచ్చేసరికి నా వాదన నాకే అడ్డం తిరిగింది, ఒప్పుకోవాలి. మొదట్లో నేనూ "టైర్లు లిఫ్టులు అంటూ ఈ షోకులేంటి, తోలడం రావాలి గానీ" అనే బ్యాచ్‌లో ఉండేవాణ్ణి. కానీ పై ప్రశ్న వేసి చూస్తే చిన్న టైర్లతో వెళ్ళిన మంచి డ్రైవరు కూడా ప్రతి మెట్టు దగ్గరా ఆగాల్సిందే, ఇరుసు మధ్యలో ఉండే గుండు (డిఫరెన్షియల్) రాయికి తట్టుకుని ఊగిసలాడాల్సిందే, ఎవరో ఒకరు వించి తీయాల్సిందే. ఒక్కోచోట పావుగంట చొప్పున అది అందరి పావుగంట. కాబట్టి టైర్లు షోకు కాదు. ఇప్పుడొచ్చే రాంగ్లర్ రూబికాన్ మామూలుగా 33 అంగుళాల వాటితో వస్తుంది, 2021 నుంచి ఫ్యాక్టరీవాళ్ళే 35 వేసిచ్చే ప్యాకేజీ కూడా పెట్టారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎక్కువమంది నాతో అన్నది 33తో వెళ్ళొచ్చు, బాగా తోలాలి, 35 అయితే అందరికీ సుఖం అని. నేను 35 వేయించా.

వేయించి ఊరుకోలేదు, అయిదోది కూడా వేయించా. ఇది చాలామంది వదిలేస్తారు. నాలుగు కొత్త టైర్లకే చెయ్యి తడిసి మోపెడవుతుంది కాబట్టి వెనక తలుపుమీద పాత స్పేరు అలాగే ఉంచేస్తారు, ఫోటోలో కూడా పెద్దగా తెలీదు. కానీ గ్రానైటు అంచు తగిలి పక్కగోడ చీరుకుపోతే దానికి ప్లగ్గులు నిలబడవు, స్పేరు వేయాల్సిందే. అప్పుడు ఒకపక్క 35, ఇంకోపక్క 33 పెట్టి, రెండు చక్రాల్నీ ఒకే వేగంతో తిప్పే లాకర్ వేసి రాళ్ళెక్కిస్తే ఇరుసు లోపల పళ్ళ మీద పడే బరువు ఊహించుకోండి. అంటే ఒక టైరు పోయినవాడు కాస్తా ఇరుసు పోయినవాడవుతాడు. గ్రూపులో అన్ని టైర్ల గొడవలోనూ ఈ అయిదోదాని ఊసు రాలేదు.

గాలి తీయడం కూడా అంతే. రోడ్డుమీద 36, 37 పీఎస్ఐ ఉండేదాన్ని అక్కడ 12, 15కి దించుతారు, టైరు మెత్తబడి రాయిని చుట్టుకుంటుంది, పట్టు పెరుగుతుంది, నడుములకీ ఊరట. మరీ దించితే రిమ్ము నుంచి టైరు ఊడొస్తుంది. కాబట్టి గాలి మళ్ళీ ఎక్కించుకునే కంప్రెసరు మన దగ్గరే ఉండాలి, పక్కవాణ్ణి అడగడం కాదు.

కొత్త లిఫ్టు వేయించి మర్నాడే బయల్దేరడం గురించి ఒక మాట. నాకు తెలిసినాయన ఒకరు ఇలాగే ట్రిప్పుకి నాలుగు రోజుల ముందు సస్పెన్షన్ మొత్తం మార్పించాడు. రూబికాన్ కాదులెండి, అంతకన్నా తేలికైన దారే. మధ్యాహ్నానికి ఇరుసుని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ బోల్టు ఒకటి వదులై కటకటమని చప్పుడు, మిగతావాళ్ళందరూ ఎండలో కూర్చుంటే ఒకాయన కిందదూరి బిగించాడు. ఎవరిదీ తప్పని కాదు, కొత్త బోల్టులు కాస్త తిరిగాక సర్దుకుంటాయి, అందుకే అయిదొందల మైళ్ళు తోలి మళ్ళీ టార్క్ రెంచితో బిగించమని చెప్తారు. కొత్త సామాను రూబికాన్ మీద పరీక్షించకూడదు అంతే. నా ఉద్దేశంలో ట్రిప్పుకి నెల ముందే బండి ముట్టుకోవడం ఆపేయాలి. మా గ్రూపులో మాత్రం ఆగస్టు ట్రిప్పుకి జులై ఆఖర్లో వచ్చే పార్సిళ్ళ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఉన్నారు.

లాగించుకోవడం కూడా వచ్చుండాలి

వించి గురించి అందరూ మాట్లాడతారు, వించి తాడు తగిలించే కొక్కెం గురించి ఎవరూ మాట్లాడరు. ఇరుక్కున్నవాడికి వించి లేకపోయినా ఫర్వాలేదు, వేరేవాడిది వాడొచ్చు. కానీ అతని బండికి ముందూ వెనకా గట్టి రికవరీ పాయింటు లేకపోతే ఎవడూ ఏమీ చేయలేడు. వెనకాల ట్రైలరు తగిలించే బాల్ ఉంటుంది చూడండి, చూడ్డానికి ఇనప గుండు, గట్టిగానే కనిపిస్తుంది, దానికి స్ట్రాప్ వేసి జర్కు ఇచ్చి లాగితే అది విరిగి ఫిరంగి గుండయిపోతుంది. మనుషులు చచ్చిపోయారు అలా. ఈ విషయం తెలియని ఒక మంచి మనిషి మనకి సాయం చేద్దామని వచ్చి తగిలించబోతే వద్దని చెప్పగలిగే తెలివి మనకుండాలి, అదీ తయారీలో భాగమే. తాడు బిగిసినప్పుడు ఎక్కడ నిలబడకూడదో పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి.

వాకీటాకీలు ఇంకోటి. అక్కడ సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. జీఎంఆర్ఎస్ రేడియోకి లైసెన్సు కావాలి, పరీక్షేం లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ళు, ఇంట్లోవాళ్ళందరికీ అదే సరిపోతుంది. దాన్ని కూడా "ఎవడు చూస్తాడులే" అని తీసుకోనివాళ్ళున్నారు, యాభై వేల డాలర్ల బండిలో కూర్చుని.

నీ ఎడమా, నా ఎడమా

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించిన తయారీ స్పాటర్ మాట వినడం. బండిలో కూర్చున్నవాడికి చక్రాలు కనపడవు, బానెట్టు, ఆకాశం, అంతే. కింద నిలబడ్డవాడు చెయ్యి ఊపి దారి చూపిస్తాడు. వినడానికి తేలిక.

ప్రెయిరీ సిటీలో మొదటిసారి ఇద్దరు స్నేహితుల కుటుంబాలతో వెళ్ళినప్పుడు చూడాలి. ఒక బండి రాయి మీదికెక్కి ఒక పక్కకి ఒరిగింది, వెంటనే దిగి ఉన్న మగాళ్ళందరూ స్పాటర్లయిపోయారు. "ఎడమకి కొట్టు! ఎడమకి! అరే నీ ఎడమ కాదు!" అని ఒకరు, "ముందుకి ముందుకి" అని ఇంకొకరు, "ఆగు బావా ఆగు" అని మూడో ఆయన, వీడియో తీస్తున్నాయన కూడా ఒక సలహా ఇచ్చాడు. తోలుతున్నాయన ఎవరి మాట వినాలో తెలీక యాక్సిలేటరు తొక్కాడు, మిగతాది రాయి చూసుకుంది.

అక్కడే ఒక పెద్దాయన ఉన్నాడు, అమెరికనే, పాత సీజే జీపు, తెల్లగడ్డం. మమ్మల్ని కాసేపు చూసి దగ్గరికొచ్చాడు. ఏమీ అనలేదు, నవ్వి, ఒక్కళ్ళే మాట్లాడండి, మిగతావాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకోండి అన్నాడు. ఎడమ కుడి అనొద్దు, డ్రైవర్ వైపు, పాసింజర్ వైపు అనండి, ఎదురుగా నిలబడ్డవాడికీ లోపల ఉన్నవాడికీ అది ఒకటే కదా అన్నాడు. పిడికిలి చూపిస్తే ఆగడం, అది ఎవరు చూపించినా సరే, ఎందుకూ అని అడక్కుండా ఆగడం.

ఈ చివరిది మనవాళ్ళకి కష్టం. నాకు కష్టం, నిజంగా. మేనేజర్లం, ఆర్కిటెక్టులం, మీటింగుల్లో ఒకరి మాటకి ఇంకొకరు అడ్డుతగలడమే మా ఉద్యోగం. పైగా వయసు లెక్క ఒకటి. మా గుంపులో అందరికన్నా బాగా దారి చూపించేది ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయి, మా స్నేహితుడి కూతురు, డేవిస్‌లో చదువుతోంది. చక్రం ఎక్కడ పెడితే ఇరుసు తగలదో ఆ పిల్లకి ఎలా తెలుస్తుందో తెలీదు, చూడగానే చెప్పేస్తుంది. యాభై దాటిన అంకుల్స్ ఆమె పిడికిలి చూసి బ్రేకు వేయడానికి ఎంత అవస్థ పడ్డారో! "నేను ముప్పై ఏళ్ళుగా తోలుతున్నానమ్మా" అని కిటికీలోంచి ఒకాయన. ఆ పిల్ల, "అవునంకుల్, కానీ మీ డిఫరెన్షియల్ రాయి మీద ఉంది" అంది. ఇప్పుడు మా ట్రిప్పుకి ముఖ్య స్పాటర్ ఆవిడే. ఇది తీర్మానం చేయించడానికి నాకు వించి కొనడం కన్నా ఎక్కువ కష్టమైంది.

వెనకాల నలభై బళ్ళు ఆగి ఉన్నప్పుడు మన అహం కోసం ఇంకోసారి ప్రయత్నిస్తానని గేరు వేయడమా, స్పాటర్ చెప్పింది విని వించి తీయడమా అన్నది అక్కడికెళ్ళాక తేల్చుకునేది కాదు.

ఇక దొడ్డి సంగతి

2004లో ఈ ట్రైల్ పక్కనున్న స్పైడర్ లేక్ చుట్టుపక్కల క్యాంపింగ్ మూసేయాల్సి వచ్చింది. కారణం మనుషుల మలం. వందలమంది వారాంతాలు గడిపి ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళారు, గ్రానైటు మీద మట్టే ఉండదు, గొయ్యి తవ్వడానికి కూడా లేదు, వానొస్తే అన్నీ సరస్సులోకి. తర్వాత 2009లో కాలిఫోర్నియా నీటి నాణ్యత బోర్డువాళ్ళు కౌంటీకీ ఫారెస్ట్ సర్వీసుకీ కలిపి శుభ్రం చేయమని ఆర్డరే ఇచ్చారు, అందులో మట్టి కొట్టుకుపోవడం, ఇంజనాయిల్ కారడంతో పాటు ఇదీ ఉంది. ట్రైల్ ఎక్కడ మూతపడుతుందో అన్నంత భయం ఉండేది అప్పట్లో అని పాతవాళ్ళు చెప్తారు. ఇప్పుడు దారిలో కొన్నిచోట్ల టాయిలెట్లు కట్టారు. అయినా ప్రతి బండిలో మలం మూటగట్టి వెనక్కి తెచ్చుకునే వ్యాగ్ బ్యాగులు గానీ, చిన్న పోర్టబుల్ టాయిలెట్టు గానీ, దాంతోపాటు ఆయిల్ కారితే పీల్చుకునే స్పిల్ కిట్టూ ఉండాలంటారు.

చూడండి, ఈ ట్రైల్ ప్రమాదంలో పడింది ఎవడో చిన్న టైర్లతో వచ్చినందుకు కాదు. లిఫ్టు తక్కువైనందుకు కాదు. దొడ్డికెళ్ళి వదిలేసినందుకు, ఆయిల్ కారినా చూసుకోకుండా పోయినందుకు. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వెనకాల వచ్చేవాడంటే మన బండి వెనక బండివాడే కాదు, వచ్చే ఏడాది వచ్చేవాడు కూడా.

ఇది మా గ్రూపులో పెట్టా. పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకొకరు "పొద్దున్నే టిఫిన్ టైములో ఇదేంటి గురూ" అన్నారు. టైర్ల ధరలు మాట్లాడినంత తేలిగ్గా దీన్ని మాట్లాడలేం. ఆడవాళ్ళు మాత్రం విడిగా ఫోన్ చేసి అడిగారు, టెంటు ఉంటుందా, చుట్టూ గుడ్డ కట్టేది ఉంటుందా, రాత్రి ఎలా అని. వాళ్ళకి ఇది మొదటి ప్రశ్న, మనకి ఆఖరి ప్రశ్న. ఆ చుట్టూ కట్టే చిన్న టెంటు నలభై డాలర్లు, పై లైట్లలో పదోవంతు కూడా కాదు. నేను రెండు కొన్నా.

స్పిల్ కిట్టు దగ్గర కూడా ఇదే కథ. ఆయిల్ పీల్చే ప్యాడ్లు, గట్టి చెత్త సంచులు, పగిలిన ఆయిల్ ప్యాన్‌కి పూసే ఎపాక్సీ. బండి పల్టీ కొట్టకపోయినా బాగా ఒరిగితేనే కారడం మొదలవుతుంది. "నా బండి కొత్తది, కారదు" అంటారు. రాయికి బండి వయసు తెలీదు కదా.

ఎదురు వాదనలు

ఒకటి, మా బావగారి వాదన, ఆయన కోలరాడోలో చాలా తిరిగారు. "నువ్వు అనవసరంగా భయపెడుతున్నావు. ట్రైల్ మీద అందరూ ఆగి సాయం చేస్తారు, అది అక్కడి పద్ధతి, ఎవడి దగ్గరో పార్టు ఉంటుంది, ఎవడో వెల్డింగు కూడా చేసిపెడతాడు, నువ్వు వెళ్ళు." నిజమే. రెండు కారు బ్యాటరీలు కలిపి జంపర్ కేబుళ్ళతో అక్కడికక్కడే వెల్డింగ్ చేసినవాళ్ళ గురించి నేనూ విన్నా. కానీ ఆ పద్ధతి ఎందుకు నిలబడింది? వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సాయం చేయగలిగేలా వచ్చారు కాబట్టి. అందరం మా బావగారి మాట విని చేతులూపుకుంటూ వెళ్తే సాయం చేసేదెవరు? సాయం అడగడంలో తప్పులేదు, సాయం ఉంటుందనే లెక్కతో బయల్దేరడం వేరు. బావగారు దీనికి "అందరూ నీలా ఆలోచించరులే" అన్నారు. అది నా వాదనకి జవాబో నాకు మద్దతో నాకిప్పటికీ అర్థం కాలేదు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇలా చూస్తే కొత్తవాడెవడూ ఎప్పటికీ వెళ్ళకూడదు కదా? ప్రతి కొత్తవాడూ కాసేపు ఎవరో ఒకరికి భారమే. స్లిక్ రాక్ లాంటి చిన్న ట్రైల్స్‌లో నేర్చుకో అంటే అక్కడా ఎవరినో ఆపుతాం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కొంత భారం తప్పదు, అది తక్కువమంది ఉన్నరోజు, తక్కువమంది ఉన్నచోట పెట్టాలి అని మాత్రం చెప్పగలను. శనివారం వదిలేసి మంగళవారం బయల్దేరడానికి పైసా ఖర్చులేదు, రెండు రోజులు సెలవు కావాలి, అంతే. మా ఆఫీసుల్లో సెలవు దొరకడం 37 టైర్ల కన్నా కష్టం అని మా వాళ్ళంటారు, సరే, అదీ నిజమే అనుకోండి.

మూడోది మా ఆవిడ అంది. "నువ్వు ఇవన్నీ వెనకాలవాళ్ళ కోసం అంటున్నావు గానీ నీకు భయం, అందుకే రోజుకో లిస్టు రాస్తున్నావు, ఇలాగైతే ఈ ఏడు కూడా వెళ్ళవు." దీనిమీద వాదించలేదు. భయం ఉంది. కాడిలాక్ హిల్ అని ఆఖర్లో ఒక ఎక్కుడుంది, ఎప్పుడో ఒక కాడిలాక్ కారు దొర్లిపోయిందని ఆ పేరంటారు, ఆ వంపులు వీడియోలో చూస్తేనే నాకు అరచేతులు చెమటలు పడతాయి. కానీ భయం ఉన్నవాడు పిడికిలి చూస్తే ఆగుతాడు కదా, నాకు అంతవరకూ చాలు. ఈసారి తేదీ పెట్టి సెలవు కూడా అప్రూవ్ చేయించుకున్నా, ఆవిడ నమ్మింది ఆ ఈమెయిల్ చూశాకే.

గేట్‌కీపర్ దగ్గర ఏం చేద్దాం

లూన్ లేక్ వైపు నుంచి వెళ్తే మొదట్లోనే గేట్‌కీపర్ అనే రాళ్ళగుట్ట వస్తుంది. పేరుకి తగ్గట్టే, ఇక్కడ దాటలేకపోతే ముందుకెళ్ళొద్దని పెద్దలు చెప్పే చోటు. వెనక్కి తిరగడానికి అంతకన్నా మంచి చోటు మళ్ళీ రాదు, ఎందుకంటే లోపలికి వెళ్ళేకొద్దీ వెనక్కి రావడం కూడా ముందుకి పోవడమంత కష్టం, పైగా ఎదురొచ్చేవాళ్ళకి అడ్డం.

కాబట్టి మా గుంపుకి నేనొక షరతు పెట్టా. గేట్‌కీపర్ దగ్గర ఏ బండైనా స్పాటర్ ఉండి కూడా వించి లేకుండా దాటలేకపోతే ఆ బండి తిరిగి లూన్ లేక్ దగ్గర పార్క్ చేయాలి, అందులోవాళ్ళు మిగతా బళ్ళలో సర్దుకోవాలి. అక్కడ ఆగడం పరువు తక్కువ కాదు, సరస్సు పక్కన గుడారం వేసుకుంటే అదీ ట్రిప్పే. దీనికి నాలుగు బళ్ళవాళ్ళలో ఇద్దరు ఒప్పుకున్నారు, నాతో కలిపి. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒకరు, "పద్దెనిమిది వేలు బండికి పెట్టి లూన్ లేక్‌లో చేపలు పట్టడానికి రావాలా" అన్నారు, నాకు కోపం రాలేదు, అంత పెట్టినవాడికి బాధే. ఇంకొకరి అభ్యంతరం వేరు, బండి వదిలేసి వస్తే నా భార్యాపిల్లలు వేరేవాళ్ళ బండిలో, నేను ఇంకో బండిలో, నేనలా ఒప్పుకోను, అయితే అందరం కలిసి వెనక్కి రావాలి అన్నారు. అదీ సబబుగానే ఉంది. నలుగురం వెనక్కి రావడమా, ఒకళ్ళని వదిలి ముగ్గురం పోవడమా అన్నది ఇంకా తేలలేదు.

వచ్చే శనివారం మళ్ళీ ప్రెయిరీ సిటీలో కలుస్తున్నాం. స్పేరు టైరు కొలతలు, రికవరీ పాయింట్లు, రేడియోలు ఆ రోజే చూసేస్తాం, గేట్‌కీపర్ సంగతి కూడా అక్కడే కూర్చుని మాట్లాడుకుంటాం. వ్యాగ్ బ్యాగులు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని మెసేజ్ పెట్టా, దానికి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరే సరే అన్నారు.